సన్ ముక్కలోనూ నెత్తురేనా? భయపెట్టే టారో డెక్కుల సమీక్ష

టారో అంటే 78 బొమ్మల ముక్కలతో జోస్యం చెప్పే పద్ధతి, ఆ ముక్కల కట్టే డెక్. బొమ్మలు భయపెట్టేలా ఉన్న టారో డెక్ చేతికి రాగానే చాలామంది డెత్, డెవిల్, టవర్ ముక్కలు తీసి చూస్తారు. ఒళ్లు జలదరిస్తే, ఇది మనకొద్దని పక్కన పెట్టేస్తారు. ఆ మూడూ ఏ డెక్‌లోనైనా కలవరపెట్టాల్సినవే, వాటి పనే అది. డెక్ ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకోవాలంటే మంచి అర్థమున్న సన్, స్టార్, టెన్ ఆఫ్ కప్స్ తీసి చూడాలి. అవి కూడా పుర్రెలూ నెత్తురూ నిండి ఉంటే చిక్కు అక్కడ మొదలవుతుంది. టారోలో ఒక ముక్క పక్క ముక్కతో తేడా వల్లే మాట్లాడుతుంది. డెబ్బై ఎనిమిదీ ఒకే గొంతుతో అరుస్తుంటే ఏ అరుపు దేనికో తెలియదు.

ఈ కొలతతో నాలుగు డెక్కులు చూద్దాం. మొదటిది సాధుస్వభావానికి పేరుపడ్డ రైడర్-వెయిట్-స్మిత్. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన ఈ బొమ్మలు 1909 డిసెంబరులో లండన్‌లో అచ్చయ్యాయి. సాధువని పేరే గాని ఇందులోనూ ఘోరాలున్నాయి. టెన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో బోర్లా పడ్డ మనిషి వీపున పది కత్తులు. త్రీ ఆఫ్ స్వోర్డ్స్‌లో గుండెను చీల్చిన మూడు కత్తులు. ఈ గుండె బొమ్మకు మూలం పదిహేనో శతాబ్దం చివరి ఇటలీ డెక్ సోలా బుస్కాలో కనిపిస్తుంది. దాని ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. హింస విషయంలో ఇప్పటి చీకటి డెక్కులకు సోలా బుస్కా ఏమీ తీసిపోదు, కాబట్టి "ఇదంతా ఈ కాలపు పైత్యం" అనే మాట నిలబడదు.

స్మిత్ పనితనం ఎక్కడంటే, ప్రతి భయంలోనూ ఒక సందు వదిలింది. పది కత్తుల వెనక నల్లటి ఆకాశం కింద పసుపు వెలుగు గీత ఉంటుంది. డెత్ గుర్రం మీద వస్తుంటే దూరాన రెండు బురుజుల నడుమ సూర్యుడు ఉంటాడు. ముక్కల అర్థం చదివి చెప్పే మనిషికి ఆ గీతా ఆ సూర్యుడూ చేతికందే ఆసరా. ఏ చీకటి డెక్ కొన్నా ముందు వెతకాల్సింది ఇలాంటి సందులనే.

థోత్ డెక్‌ది వేరే సమస్య. అలిస్టర్ క్రౌలీ ఆలోచనకు లేడీ ఫ్రీడా హారిస్ 1938 నుంచి 1943 దాకా రంగులు వేశారు. ముక్కలుగా అచ్చయింది మాత్రం ఇద్దరూ పోయాక, 1969లో. మైనర్ అర్కానా (కప్స్, స్వోర్డ్స్ లాంటి నాలుగు సూట్ల 56 ముక్కలు) బొమ్మలు చాలావరకు గీతలూ రంగులూ, వాటితో బెదిరేవాళ్లు తక్కువ. బెదిరించేది కింద అచ్చేసిన మాట. టెన్ ఆఫ్ స్వోర్డ్స్‌కి 'రూయిన్', తొమ్మిదికి 'క్రుయెల్టీ', ఐదుకి 'డిఫీట్'. ఎదుటి మనిషి కన్ను బొమ్మకన్నా ముందు మాట మీద పడుతుంది. సర్వనాశనం అని రాసున్నాక మీరేం చెప్పినా చెవికెక్కదు. దీనికి సులువైన మందు ఉంది: పక్కన కూర్చోబెట్టుకోకుండా ఎదురుగా కూర్చోబెట్టండి. అక్షరాలు వాళ్లకి తలకిందులుగా ఉంటాయి, బొమ్మే ముందు అందుతుంది. కింది అంచు కత్తిరించే ఆలోచన మాత్రం వద్దు. కత్తిరిస్తే డెబ్బై ఎనిమిదీ ఒకే కొలతకు కత్తిరించాలి. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా కలిపేటప్పుడు ఆ ముక్క వేలికి దొరికిపోతుంది.

ప్యాట్రిక్ వాలెన్జా గీసిన డీవియంట్ మూన్ 2008లో వచ్చింది. బొమ్మల ఒళ్లూ గోడలూ సమాధి రాళ్ల ఫొటోల నుంచీ, పాడుబడ్డ మానసిక చికిత్సాలయం ఫొటోల నుంచీ తీసుకున్న గరుకుతో నింపాడు. మొహాలన్నీ వికారంగానే ఉంటాయి. అయినా ఈ డెక్ పనికొస్తుంది. ఆ వికారం అన్ని ముక్కల్లో ఒకే మోతాదు కాబట్టి కొన్నాళ్లకు కన్ను దానికి అలవాటు పడుతుంది, ఆపైన బొమ్మ నిలబడ్డ తీరూ చేతుల కదలికా అర్థం చెబుతాయి. కొత్తవాళ్లకు మొదటి డెక్‌గా వద్దు, రెండోదిగా బాగుంటుంది.

స్విట్జర్లాండ్ చిత్రకారుడు గీగర్ బొమ్మలతో వచ్చిన బాఫోమెట్ టారోలో ముక్కలు 22 మాత్రమే, మైనర్ అర్కానా లేదు. అవి టారో కోసం గీసినవి కావు, అంతకుముందే ఉన్న చిత్రాలను తెచ్చి పేర్లకు జతచేశారు. ఎముకా లోహమూ కలగలిసిన ఆ లోకంలో ఊరటనిచ్చే ముక్క కోసం వెతుక్కోవాలి. బొమ్మల ఆల్బమ్‌గా అద్భుతం. ఇంకొకరికి చదవడానికి మాత్రం పనికిరాదు.

మీ దగ్గరున్నది వీటిలో ఏదీ కాకపోతే ఇలా పరీక్షించండి. పగటి వెలుగులో నేల మీద వరసకు 13 చొప్పున ఆరు వరసలు పరవండి, మొత్తం 78 సరిపోతాయి. అర్థాలు గుర్తుచేసుకోకుండా ఒకసారి చూపు తిప్పి, కన్ను దాటేయాలనుకున్న ముక్కలన్నీ తీసి పక్కన పెట్టండి. వాటిని రెండు కుప్పలు చేయండి. అర్థమే భయంకరమైనవి ఒక వైపు, అర్థం మంచిదై బొమ్మ మాత్రమే భయంకరమైనవి రెండో వైపు. మొదటి కుప్పలో ఎన్నున్నా ఫరవాలేదు. రెండో కుప్పలో మూడు నాలుగు దాటితే ఆ డెక్ చదవడానికి తగదనే నా లెక్క.

మొత్తం ఎన్ని తేలాయన్నది కూడా ముఖ్యమే, ఇక్కడ కాస్త గణితం సాయం చేస్తుంది. కలవరపెట్టే ముక్కలు 8 ఉంటే (రైడర్‌లో కఠినంగా లెక్కేసినా దాదాపు అన్నే వస్తాయి) మూడు ముక్కల రీడింగ్‌లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 28 శాతం. పది ముక్కలు పరిచే కెల్టిక్ క్రాస్ పద్ధతిలో 68. అవే ముక్కలు 20 ఉంటే మూడింటిలో 59 శాతం, పదింటిలో 96. అంటే ఆ డెక్‌తో కెల్టిక్ క్రాస్ పరిస్తే భయపెట్టే బొమ్మ దాదాపు ప్రతిసారీ వస్తుంది. దాన్ని శకునం అనుకునేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

రోజుకో ముక్క తీసే అలవాటున్నవాళ్లకి ఇలాంటి డెక్ ఇంకా కష్టం. ఇరవై ఉంటే నాలుగు రోజులకోసారి అలాంటిదొకటి ఎదురవుతుంది, అదీ ఒంటరిగా. చాలా ముక్కలు కలిపి పరిచే స్ప్రెడ్‌లో అయితే పక్క ముక్కలు కాస్త నెమ్మదింపజేస్తాయి. పొద్దున్నే తీసే ఒక్క ముక్కకు ఆ తోడు లేదు. రోజువారీకి మెత్తని డెక్ ఒకటి వేరే ఉంచుకుని, చీకటి డెక్‌ను తీరిగ్గా చేసే పెద్ద రీడింగులకు దాచుకోవడం మంచిది.

ఇతరులకు చదివేటప్పుడు, పరవక ముందే ఆ డెక్‌లోని రెండు మూడు ఘోరమైన ముక్కలు చూపించి "ఇలాంటివి రావచ్చు, ఫరవాలేదా?" అని అడగండి. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లకీ, గర్భిణులకీ, పిల్లలకీ అసలు తీయొద్దు. ముక్కను ముందు మీరే చూసుకుని తర్వాత తిప్పడం అతి తెలివి, వాళ్లు చూసేది ముక్కను కాదు, మీ మొహాన్ని.

"ఆ ఒక్క ముక్క తీసేస్తే పోదా?" అని కొందరంటారు. తీసేస్తే బొమ్మతోపాటు దాని అర్థమూ పోతుంది. టెన్ ఆఫ్ స్వోర్డ్స్ లేని డెక్‌లో 'ఇక ఇది ముగిసింది' అనే మాట ఎప్పటికీ రాదు. చాలా పెట్టెల్లో ప్రకటనకో ఖాళీగానో రెండు అదనపు ముక్కలు వస్తాయి. వాటి వెనక డిజైను మిగతా వాటితో అచ్చంగా కలిస్తే, ఒకదాని మీద పేరు రాసి బదులు పెట్టుకోవచ్చు. కలవకపోతే బోర్లా ఉన్నప్పుడే ఏ ముక్కో తెలిసిపోతుంది. 1450 ప్రాంతపు విస్కోంటి-స్ఫోర్జా డెక్‌లో ఇప్పుడు 74 ముక్కలే మిగిలాయి. లేనివాటిలో డెవిల్, టవర్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్ ఉన్నాయని వినగానే, ఎవరో భయపడి తీసేసి ఉంటారని కథ అల్లబుద్ధేస్తుంది. నాలుగోది నైట్ ఆఫ్ కాయిన్స్. దాన్ని చూసి ఎవరు భయపడతారు?

అచ్చు సంగతి కూడా చూసుకోండి. చీకటి డెక్కుల్లో బార్డర్ లేకుండా అంచుదాకా నలుపు పోసినవి ఎక్కువ. నాలుగు వారాలు కలిపితే అంచుల్లో నలుపు రాలి లోపలి తెల్ల కాగితం బయటపడుతుంది. కలపడం నేల మీద పరిచి చేతులతో అయితే ఈ అరుగుదల తగ్గుతుంది, మధ్యలోంచి విల్లులా వంచి కలిపితే త్వరగా చెడుతుంది. మెరిసే గ్లాసీ పూత ఉంటే ముదురు బొమ్మల మీద దీపం మెరుపు పడి సందుగా వదిలిన ఆ చిన్న వెలుగు కనబడదు, మెరుపు లేని మ్యాట్ పూతే మేలు.

వదిలేయాలనుకుంటే కాల్చకండి, మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది, పొగ మంచిది కాదు. అమ్మేటట్టయితే సూట్ల వారీగా పేర్చి 78 లెక్కపెట్టి, పెట్టె, చిన్న పుస్తకం కలిపి ఇవ్వండి. అచ్చు ఆగిపోయిన డెక్కులకు పెట్టె లేకపోతే ధర బాగా పడిపోతుంది. కొనేవాళ్లకు మాత్రం ముందుగా సన్ ముక్క ఫొటో పంపండి.