ఫోర్క్స్‌లో మా రక్తం తాగింది మోటెల్ వాడే

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని చిన్న ఊరు ఫోర్క్స్. ట్వైలైట్ అనే రక్తపిశాచాల ప్రేమకథ జరిగేది ఈ ఊళ్లోనే. మోటెల్‌లో మామూలు గది రాత్రికి 150 డాలర్లు, కథానాయిక పేరు పెట్టిన 'బెల్లా గది' అయితే 189. విజయవాడ నుంచి మా మరదలు వచ్చింది. ఇంటర్‌లో ట్వైలైట్ ఎన్నిసార్లు చూసిందో తనకే లెక్క లేదు. పోనీలే అని 'బెల్లా గది' బుక్ చేశాను.

తలుపు తీస్తే మంచం మీద ఎర్ర దుప్పటి, గోడకు ఓ మూల ఊడి వేలాడుతున్న పోస్టర్. అంతే! కార్పెట్ నుంచి తడిసిన కుక్క వాసన. "బావా, ఇది బెల్లా గది కాదు, జేకబ్ గది" అంది మరదలు. జేకబ్ అంటే ఆ కథలో తోడేలుగా మారే కుర్రాడు. హీటరేమో తెల్లవార్లూ స్టార్ట్ కాని లారీలా గురగురమంది. గది మార్చమంటే కౌంటర్‌లో మనిషి తలెత్తకుండా 'నో రీఫండ్' బోర్డు వైపు వేలు చూపించాడు. పన్నుతో కలిపి రెండు రాత్రులకు 419 డాలర్లు వదిలాయి.

ఇంకో సంగతి. కథ ఫోర్క్స్‌దే గానీ, 2008లో వచ్చిన ఆ సినిమా ఇక్కడ తీయలేదు. షూటింగ్ ఎక్కువగా ఆరెగాన్‌లో జరిగింది, బెల్లా ఇల్లు కూడా అక్కడి సెయింట్ హెలెన్స్‌లోనే ఉంది. సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేశాక మా ఆవిడ ఈ ముక్క తాపీగా చెప్పింది.

ఫెర్రీ, లేక్ క్రెసెంట్, హో రెయిన్ ఫారెస్ట్ అన్నీ బాగున్నాయి. ఆ లేక్, ఫారెస్ట్ ఉన్న ఒలింపిక్ నేషనల్ పార్క్ ఎంట్రీ కారుకు 30 డాలర్లు.

కానీ మనసు నిండింది పైసా ఖర్చు లేని చోట. విజిటర్ సెంటర్ దగ్గర బెల్లా ఎర్ర ట్రక్కు పెట్టారు. మరదలు ఫోటో సంగతే మర్చిపోయి, తడి బానెట్ మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. నేను గొడుగు పట్టుకుని పరిగెత్తుతుంటే లోపలి పెద్దావిడ ఒకటే నవ్వు. ఏడాదికి 100 అంగుళాల పైనే వాన పడే ఊరు, గొడుగు పట్టేది మనలాంటి టూరిస్టులేనట! కథలో జేకబ్ ఊరైన లా పుష్‌కు దారి మ్యాప్ మీద ఆ పెద్దావిడే పెన్నుతో గీసిచ్చింది. అది క్విల్యూట్ తెగవాళ్ల సొంత ఊరు, సినిమా సెట్ కాదు. మనుషుల్ని అడక్కుండా ఫోటోలు తీయకండి.

వెళ్లేవాళ్లు పోర్ట్ ఏంజెలెస్‌లో బస చేయండి, అక్కణ్నుంచి ఫోర్క్స్‌కు గంటకు కొంచెం పైన డ్రైవ్. 'థీమ్ రూమ్' అన్న మాట కనిపిస్తే పేజీ మూసేయండి.

ఖాళీ చేసే రోజు నేను కార్లో హారన్ కొడుతున్నా మరదలు దిగి రాదే. వెళ్లి చూస్తే ఊడిన ఆ పోస్టర్ మూలకు బ్యాండ్ ఎయిడ్ అతికిస్తోంది.