నికాన్ జెడ్5: వేళ్లకు అందే డయళ్లు, కుదిరే బటన్లు

2020లో వచ్చిన నికాన్ జెడ్5 కెమెరాను, 24-70 ఎఫ్4 లెన్స్‌తో కలిపి, నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకొని ఏడాది దాటింది. పూర్తిగా మాన్యువల్‌లో, అంటే వెలుగు విలువలన్నీ తామే పెట్టుకొని తీసేవారు దీని డయళ్లను, బటన్లను తమ చేతికి ఎంతవరకు కుదుర్చుకోవచ్చన్న సంగతి ఒక్కటే ఇక్కడ రాస్తున్నాను.

ఆ అవసరం నాకు గండికోటలో బాగా తెలిసివచ్చింది. పెన్నా లోయ అంచున ఎండలో షట్టర్ వేగం సెకనులో 1/500, అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్8, ఐఎస్‌ఓ (వెలుగుకు స్పందించే తీవ్రత) 100 సరిపోగా, జామియా మసీదు పక్కనున్న ధాన్యాగారంలోకి అడుగుపెట్టగానే 1/60, ఎఫ్4, ఐఎస్‌ఓ 3200 కావలసివచ్చింది. తేడా 10 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు లేదా సగం అవుతుంది). స్టాపుకు మూడు మెట్ల చొప్పున డయళ్లను 30 మెట్లు తిప్పాలి, అందులో సగం ఐఎస్‌ఓవే. షట్టర్ వేగానికి వెనుక డయల్, అపెర్చర్‌కు ముందు డయల్ ఎటూ ఉన్నాయి. ఐఎస్‌ఓకు మాత్రం చూపుడు వేలితో బటన్ నొక్కి ఉంచి, బొటనవేలితో వెనుక డయల్ తిప్పాలి. నావి చిన్న చేతులు కావడంతో ఆ పట్టు నాకు నిలవలేదు.

అందుకని మొదట ఐఎస్‌ఓను లెన్స్ మీది కంట్రోల్ రింగుకు అప్పగించాను. అయితే జూమ్ చేసేటప్పుడు నా ఎడమచేతి వేళ్లు ఆ రింగుకు తగిలి, నాకు తెలియకుండానే విలువ మారిపోయి, మాధవరాయస్వామి గోపురం ఫోటోలు కొన్ని తెల్లగా వెలిసిపోయాయి. ఇప్పుడు ఆ రింగుకు ఏ పనీ ఇవ్వలేదు.

నాకు కుదిరిన మార్గం కస్టమ్ సెట్టింగుల్లోనే ఉంది. బటన్ వదిలేశాక డయల్ తిప్పుకొనే వీలు అక్కడ ఆన్ చేసుకుంటే, ఐఎస్‌ఓ బటన్‌ను ఒక్కసారి నొక్కి వదిలి, వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా, తీరుబడిగా డయల్ తిప్పి, షట్టర్ బటన్‌ను సగం నొక్కితే చాలు, డయల్ మళ్లీ తన పనికి వస్తుంది. నా మటుకు ఈ కెమెరాలోని సెట్టింగులన్నిటిలోనూ ఇదే అమూల్యం.

గ్రిప్పుకూ లెన్సుకూ మధ్యనున్న ఎఫ్ఎన్1 బటన్ మొదట వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగిన సర్దుబాటు) కోసం ఉంటుంది. నేను రా (raw) ఫైళ్లలోనే, అంటే రంగులను తరువాత సర్దుకోగల ముడి రూపంలోనే తీస్తాను కనుక దానికి స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే పద్ధతి) ఇచ్చాను. స్తంభం మీది శిల్పం నీడలో ఉండి వెనుక ఆకాశం వెలుగుతున్నప్పుడు, బటన్ నొక్కి ఉంచి శిల్పపు ముఖం వెలుగునే కొలుచుకోవచ్చు. వేరే కంపెనీ కెమెరాకు అలవాటుపడి వచ్చినవారు డయళ్లు తిరిగే దిశను కూడా మార్చుకోవచ్చు.

ఇవన్నీ కుదిరాక, ఎండకు పనికివచ్చే విలువలను, మోడ్ డయల్ మీద సొంత సెట్టింగులు దాచుకునే చోట్లయిన యూ1, యూ2లలో, యూ1లోనూ, ధాన్యాగారం వంటి చీకటి చోట్లకు పనికివచ్చేవాటిని యూ2లోనూ భద్రపరిచాను. ఆ 30 మెట్ల పని మోడ్ డయల్‌ను ఒక్కసారి తిప్పడంతో తీరుతోంది. బటన్ల కేటాయింపు పూర్తయిన తరువాతే ఇలా భద్రపరచుకోవాలి, ఎందుకంటే ఆపైన మాన్యువల్ మోడ్‌లో చేసిన మార్పులు యూ1, యూ2లలోకి వాటంతట అవి చేరవు.