పరిశోధన నిధులు: ఒకే సంస్థకు అప్పగించడం మేలా, పలు శాఖలకు పంచడం మేలా?

ప్రభుత్వం పరిశోధనకు ఇచ్చే డబ్బంతా ఒకే సంస్థ ద్వారా వెళ్తే ఎవరిని అడగాలో, లెక్క ఎక్కడ ఉందో వెంటనే తెలుస్తుంది. ఆరోగ్యం, ఇంధనం, రక్షణ శాఖలు ఎవరి బడ్జెట్‌తో వాళ్లు నడిపితే ఒకే పని రెండుచోట్ల జరగొచ్చు, ముఖ్యమైన పని ఎవరికీ పట్టకుండా మిగిలిపోవచ్చు. అయినా నా ఓటు రెండో పద్ధతికే, ఒక షరతు మీద.

అమెరికానే తీసుకోండి. యుద్ధకాలంలో ప్రభుత్వ పరిశోధనను నడిపిన ఇంజనీరు వానెవర్ బుష్ 1945లో ఇచ్చిన నివేదిక వైద్యం, రక్షణ, మౌలిక శాస్త్రాలన్నిటికీ ఒకే సంస్థ ఉండాలంది. దాని మీద అధికారం ఎవరిదన్న దగ్గర పేచీ వచ్చి, 1947లో అధ్యక్షుడు ట్రూమన్ బిల్లును వీటో చేశారు. 1950లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ పుట్టేసరికి వైద్య పరిశోధన జాతీయ ఆరోగ్య సంస్థల్లో (ఎన్‌ఐహెచ్), అణు పరిశోధన అణుశక్తి కమిషన్‌లో స్థిరపడిపోయాయి. ఎవరూ కోరుకోని ఆ విభజన తర్వాత ఎంతో మేలు చేసింది. మానవ జన్యు పటం ఆలోచనను 1986లో గట్టిగా ముందుకు తెచ్చింది ఇంధన శాఖ! రేడియేషన్ వల్ల జన్యువులకు జరిగే హాని మీద దానికి పాత ఆసక్తి. అప్పట్లో చాలామంది జీవశాస్త్రవేత్తలు ఈ ప్రాజెక్టు తమ చిన్న గ్రాంట్లను మింగేస్తుందని భయపడ్డారు. నిర్ణయం వాళ్ల కమిటీల చేతిలోనే ఉండి ఉంటే ఎన్నేళ్లు ఆలస్యమయ్యేదో. 1988లో ఇంధన శాఖ, ఎన్‌ఐహెచ్ ఒప్పందం చేసుకున్నాయి. 1990లో పని మొదలైంది.

బ్రిటన్ 2018లో ఏడు పరిశోధనా మండళ్లను, మరో రెండు సంస్థలను కలిపి యూకేఆర్‌ఐ (యూకే రీసెర్చ్ అండ్ ఇన్నోవేషన్) అనే ఒకే సంస్థగా చేసింది. రెండు శాస్త్రాల మధ్య పడే ప్రాజెక్టులకు ఇది నిజంగా అనుకూలం. ఏ ప్రాజెక్టుకు డబ్బివ్వాలో నిపుణులే తేల్చాలన్న హాల్డేన్ సూత్రాన్ని 2017 చట్టంలోనే చేర్చడం ఇంకా మంచి పని. కానీ 2021లో ప్రభుత్వం విదేశీ సాయం తగ్గించగానే, ఆ పద్దు కింద యూకేఆర్‌ఐకి 12 కోట్ల పౌండ్ల లోటు పడింది, నడుస్తున్న ప్రాజెక్టులకూ కోత తగిలింది. ఆ కోత సంస్థ తప్పు కాదు. అయితే నిధులన్నీ ఒకేచోట ఉన్నప్పుడు ఇలాంటి దెబ్బ తగిలిన పరిశోధకుడు ఇంకెక్కడికి వెళ్లాలి?

ఇక నా షరతు. శాఖల మధ్య సమన్వయం చేసేవాళ్లకు బడ్జెట్ ఖరారు కాకముందే మాట చెల్లాలి. అమెరికాలో 1976 చట్టంతో వచ్చిన వైట్‌హౌస్ సైన్స్ కార్యాలయం చేతిలో గ్రాంట్ల డబ్బు లేదు. బడ్జెట్ కార్యాలయంతో కలిసి శాఖలకు పంపే ప్రాధాన్యాల లేఖే దాని బలం. జపాన్‌లో ప్రధాని అధ్యక్షతన సైన్స్ విధాన మండలి ఉంది, 1996 నుంచి ఐదేళ్ల ప్రణాళికలు ఉన్నాయి. ఏటా మారే మనసుల కంటే పరిశోధనకు ఇదే నయం. బడ్జెట్‌తో సంబంధం లేకుండా మీటింగులు పెట్టి మినిట్స్ పంపే కమిటీతో పని జరగదు. శాఖల ప్రతిపాదనలన్నీ పక్కపక్కన పెట్టి చూసే అధికారం, ఎవరికీ పట్టని రంగాలకు ఇవ్వడానికి కొంత సొంత నిధి సమన్వయ సంస్థకు ఉండాలి. రెండు ల్యాబులు ఒకే ప్రశ్న మీద పనిచేయడం ప్రతిసారీ వృథా కాదనీ గుర్తుంచుకోవాలి. ఒకరి ఫలితాన్ని ఇంకొకరు సరిచూడటం సైన్స్‌కు ప్రాణం.

చిన్న దేశాల సంగతి వేరు. ఏ శాఖ పిలిచినా దరఖాస్తులు చదివేది అదే కొద్దిమంది నిపుణులైతే, అక్కడ ఒకే సంస్థ ఉండటమే మేలు.