గుల్‌మార్గ్ వెళ్లే ముందు మోకాళ్ల ట్రైనింగ్: మొగల్రాజపురంలో ఓ ఫిజియో సెంటర్

బెజవాడలో స్కీయింగ్‌కి ట్రైనింగ్ ఏంటని నవ్వకండి. జనవరికి గుల్‌మార్గ్ టికెట్లు తీసుకున్నాం, అందుకే ఇక్కడ చేరాను. నచ్చిందేంటంటే, రాగానే బరువులు ఎత్తించరు, ఒంటికాలి మీద కూర్చుని లేవమని మోకాలు లోపలికి వంగుతోందా అని చూస్తారు, ఎందుకంటే బూటు స్కీకి బిగించి ఉంటుంది, పడేటప్పుడు ఆ పొడవాటి స్కీ మెలితిరిగిందంటే బలమంతా మోకాలి మీదకే వస్తుంది, మోకాలి ఎముకల్ని కలిపి పట్టి ఉంచే ఏసీఎల్, ఎంసీఎల్ లిగమెంట్లు దెబ్బతినేది ఎక్కువగా అలాగే. జిమ్ముల్లో అందరూ తొడ ముందు కండరాలే పెంచుతారు గానీ ఏసీఎల్‌కి అండగా ఉండేది తొడ వెనక కండరాలు, అంటే హామ్‌స్ట్రింగ్స్, వీళ్లు వాటికి, పిరుదులకి గట్టిగా పని పెట్టారు. పక్కకు గెంతి ఒంటికాలి మీద మెత్తగా దిగడం కూడా చేయిస్తారు. మర్నాడు మెట్లు దిగాలంటే దేవుడు కనిపిస్తాడు!

సాయంత్రం బ్యాచ్ మాత్రం దండగ, ఆ రద్దీలో బ్యాలెన్స్ బోర్డు దొరకదు, ఏసీ అంతంత మాత్రం. ఫీజు కాస్త ఎక్కువే. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ సెట్టింగ్ వీళ్ల పని కాదు, స్కీలు అద్దెకిచ్చే చోట మీ బరువు, ఎత్తు, వయసు దాచకుండా చెప్పి పెట్టించుకోండి. ఇప్పటికే మోకాలి నొప్పి ఉంటే ముందు ఆర్థో డాక్టర్‌కి చూపించుకుని రండి. ఉదయం బ్యాచ్‌కైతే నా ఓటు.