ఆల్కహాల్–నీళ్ల కొలతలకు ఓఐఎంఎల్ ఆర్ 22 పట్టికలు: ఏళ్ల తరబడి వాడినవాడి సమీక్ష

50 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో (అంటే ఇథనాల్‌లో) 50 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 100 రావు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 96.5 వస్తాయి. కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇది తెలిసిన విషయమే. ఫలానా గాఢతకు ఎంత తరుగు పోతుంది, ఎన్ని నీళ్లు పోయాలి అని కచ్చితమైన అంకె కావాల్సి వచ్చినప్పుడే తిప్పలు మొదలవుతాయి. ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె, ఒక్కో యాప్‌లో ఒక్కో లెక్క. ల్యాబ్‌లో స్పిరిట్ పలచన చేయడం నా పనిలో భాగం కాబట్టి వీటిలో చాలావాటిని వాడి చూశాను. చివరికి నా బల్ల మీద నిలిచింది ఓఐఎంఎల్ ఆర్ 22, అంటే అంతర్జాతీయ చట్టబద్ధ తూనికలు కొలతల సంస్థ 1975లో ప్రచురించిన ఆల్కహాల్ పట్టికలు. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉచితంగానే దొరుకుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది, ప్రతి అంకె దేని గురించో ముందే తేల్చి చెప్పడం. గాఢత బరువు శాతమా, ఘనపరిమాణ శాతమా? ఏ ఉష్ణోగ్రత దగ్గర? సాంద్రత గాలిలో తూచిందా, శూన్యానికి సవరించిందా? ఆర్ 22లో ఘనపరిమాణ శాతం ఎప్పుడూ 20 డిగ్రీల దగ్గరిదే, సాంద్రత శూన్యంలోదే. శుద్ధ ఆల్కహాల్ సాంద్రత ఘనపు మీటరుకు 789.24 కిలోలు, 50 శాతం మిశ్రమానిది 930.14. ఈ రెండూ నాకు నోటికి వచ్చేశాయి. కొత్త యాప్ ఏది చేతికొచ్చినా ముందు 50 శాతం కొట్టి చూస్తాను. 930.14 వస్తే సరే. 0.934 అని వస్తే అది 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నీటితో పోల్చిన అమెరికా లెక్క, తప్పు కాదు కానీ వేరే. 894 దగ్గర వచ్చిందంటే రెండు సాంద్రతలకు సగటు కట్టి వదిలేశారన్నమాట. దాన్ని వెంటనే ఫోన్‌లోంచి తీసేస్తాను.

ఒక లెక్క వివరంగా చెబుతాను. 95 శాతం స్పిరిట్‌తో లీటరు 70 శాతం ద్రావణం కావాలి. 700ను 0.95తో భాగిస్తే 736.8 మిల్లీలీటర్ల స్పిరిట్. ఇంతవరకు ఎవరు చేసినా ఒకటే. మిగతా 263.2 మిల్లీలీటర్లు నీళ్లు పోస్తే చాలనుకుంటే మాత్రం లీటరు నిండదు. 976 దగ్గర ఆగిపోతుంది, గాఢత 71.7 శాతం దాకా ఉంటుంది. పట్టిక ప్రకారం 70 శాతం ద్రావణం లీటరు బరువు 885.6 గ్రాములు, 95 శాతం స్పిరిట్ సాంద్రత 811.38, అంటే మనం తీసుకున్న స్పిరిట్ 597.9 గ్రాములు. తేడా 287.7 గ్రాములు. ఆ నీళ్లు 288.2 మిల్లీలీటర్లు. విడివిడిగా 1025 మిల్లీలీటర్లు పోస్తే కలిశాక 1000 మిగిలాయి.

గుర్తు ఉన్న ఫ్లాస్క్ ఉంటే ఇంత లెక్క అక్కర్లేదు, గుర్తు వరకు నీళ్లు పోస్తే పనైపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హ్యాండ్ రబ్ ఫార్ములా కూడా అలాగే ఉంటుంది: 96 శాతం ఇథనాల్ 8333 మిల్లీలీటర్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, గ్లిజరాల్ 145, ఆపైన 10 లీటర్ల గుర్తు వరకు నీళ్లు. నీళ్ల కొలత విడిగా ఇవ్వరు. కానీ కలిపిన వెంటనే ఫ్లాస్క్ పట్టుకుని చూడండి, చేతికి వెచ్చగా తగులుతుంది. లోపల నీళ్లు, స్పిరిట్ తీగల్లా మెలికలు తిరుగుతాయి, సన్నటి బుడగలు పైకి లేస్తాయి. ఆ వేడి మీద గుర్తు దాకా నింపేస్తే చల్లారాక మట్టం కిందికి దిగుతుంది. అందుకే నేను తూకాన్నే నమ్ముకున్నాను. గ్రాములకు వేడితో పని లేదు. పట్టికలోవి శూన్యపు అంకెలైనా మన త్రాసు గాలిలో తూచినందువల్ల వచ్చే తేడా వెయ్యికి ఒక గ్రాము చిల్లర, అదీ స్పిరిట్‌కు, నీళ్లకు ఇంచుమించు సమానంగా ఉంటుంది కాబట్టి కలిపే పనిలో అడ్డు రాదు.

హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ గాఢత చూపే గాజు గొట్టం) వాడేవాళ్లకు ఈ పట్టికలు ఇంకా ఎక్కువ అవసరం. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో 20 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? నిజంగా 50 శాతం ఉన్న ద్రావణం 30 డిగ్రీల దగ్గర దాదాపు 54 చూపిస్తుంది. ఆ రీడింగును అలాగే రిజిస్టర్‌లో ఎక్కిస్తే నాలుగు శాతం తేడా! గాజు హైడ్రోమీటర్ రీడింగుకు, ఉష్ణోగ్రతకు ఎదురుగా అసలు గాఢత ఇచ్చే పట్టికలు ఇందులోనే ఉన్నాయి.

ఇక ఇబ్బందులు. పట్టికలు కళ్లు చికిలించి చూడాల్సినంత ఇరుగ్గా ఉంటాయి, ప్రింట్ తీస్తే ఇంకా కష్టం. ఎక్సెల్‌లో పెట్టుకోవడానికి సూత్రం ఇచ్చారు, సంతోషమే. కానీ అందులో 54 గుణకాలున్నాయి, ఒక్క అంకె తప్పు పడినా అంతా తారుమారు. పైగా సూత్రం బరువు శాతం తీసుకుని సాంద్రత ఇస్తుంది. మన చేతిలో ఉండేదేమో సాధారణంగా ఘనపరిమాణ శాతం. వెనక్కి లెక్క కట్టుకోవాలి. ఈ రెండు శాతాలనూ ఒకటిగా చూడకండి: బరువులో 70 శాతమంటే ఘనపరిమాణంలో దాదాపు 77.

అన్నిటికంటే నాకు లోటుగా అనిపించేది, 'ఇంత ఆల్కహాల్‌కు ఇన్ని నీళ్లు' అని సూటిగా చెప్పే పట్టిక లేకపోవడం. అది కావాలంటే అమెరికా పన్నుల శాఖ గేజింగ్ మాన్యువల్‌లోని 6వ పట్టిక చూడాలి. 100 ప్రూఫ్ దగ్గర (ప్రూఫ్ అంటే మద్యం గాఢతకు పాత కొలమానం, అమెరికా లెక్కలో ఘనపరిమాణ శాతానికి రెట్టింపు) 50 పాళ్ల ఆల్కహాల్‌కు 53.7 పాళ్ల నీళ్లని నేరుగా రాసి ఉంటుంది. ఆ దేశపు పట్టికల వెనక 1913లో ఆస్బోర్న్, మెకెల్వీ, బేర్స్ చేసిన సాంద్రత కొలతలున్నాయి, అంత పాతవైనా గట్టివి. ఉష్ణోగ్రత మాత్రం 60 డిగ్రీల ఫారెన్‌హీట్ అని మర్చిపోవద్దు. వాళ్ల ప్రూఫ్ వేరు, మన సీసాల మీద కనిపించే ప్రూఫ్ వేరు. మనది సైక్స్ హైడ్రోమీటర్ కాలం నాటి బ్రిటిష్ లెక్క. అందులో 100 ప్రూఫ్ అంటే సుమారు 57.1 శాతం, అందుకే 75 ప్రూఫ్ సరుకు మీద 42.8 శాతం అని ఉంటుంది.

పంచదార, రంగు, మూలికల సారం కలిసిన ద్రవానికి ఈ పట్టికలేవీ నేరుగా పనికిరావు. ముందు డిస్టిల్ చేసి, మొదటి ఘనపరిమాణానికి నీళ్లతో నింపి, అప్పుడు సాంద్రత చూడాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కైతే అసలే పనికిరావు, దాని పట్టికలు వేరు. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఇదే: ఆర్ 22 దగ్గర పెట్టుకోండి, 6వ పట్టికతో ఒకసారి సరిచూసుకోండి, సీసా లేబుల్ మీద శాతంతో పాటు బరువా ఘనపరిమాణమా, ఎన్ని డిగ్రీల దగ్గర అన్నది కూడా రాయండి.