చమురు పుట్టిన రాయిని పట్టాలంటే: బయోమార్కర్లా, ఐసోటోపులా?

కృష్ణా-గోదావరి బేసిన్ గురించి రాసినప్పుడల్లా జియాలజీ విద్యార్థులు అడిగేది ఒకటే. బావిలో దొరికిన చమురు ఏ సోర్స్ రాక్‌లో (చమురు పుట్టిన రాతిలో) పుట్టిందో తేల్చడానికి బయోమార్కర్లు (ప్రాచీన జీవుల నుంచి చమురులో మిగిలిన అణువుల ఆనవాళ్లు) మేలా, కార్బన్ ఐసోటోపులు (బరువు, తేలిక కార్బన్ పరమాణువుల నిష్పత్తి) మేలా? రెండూ చేయించగలిగితే పేచీయే లేదు. ఒక్కదానికే డబ్బుంటే నా ఓటు బయోమార్కర్లకే.

ఐసోటోప్ పరీక్ష ఇచ్చేది ఒక సంఖ్య. చమురుకూ రాతిలోంచి తీసిన బిట్యుమెన్‌కూ (రాతిలో మిగిలిన చమురులాంటి పదార్థానికీ) 2, 3 పర్‌మిల్‌కు (వెయ్యో వంతులకు) మించి తేడా వస్తే ఆ రాయిని చాలావరకు పక్కన పెట్టేయొచ్చు. సంఖ్యలు కలిసినా అదే రాయి అని మాత్రం తేలదు, వేర్వేరు రాళ్లకూ అదే విలువ రావచ్చు. పైగా పోల్చడానికి రాయి చేతిలో ఉండాలి. బేసిన్ లోతట్టున చమురు వండిన పొర దాకా బావులు దిగేది అరుదు.

బయోమార్కర్ల బలం సరిగ్గా ఇక్కడే. రాయి దొరక్కపోయినా అది ఏ కాలానిదో, అందులో ఏ జీవులు చేరాయో చమురే చెబుతుంది. మన బేసిన్‌లో పెర్మియన్ నాటి (25 కోట్ల ఏళ్లకు పైబడిన) కొమ్ముగూడెం బొగ్గు, షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) పొరలున్నాయి, ఆ తర్వాతి క్రెటేషియస్ నాటి రాఘవాపురం షేల్ ఉంది, ఇంకా చిన్న వయసు పాలకొల్లు, వడపర్రు షేల్‌లు ఉన్నాయి. ఓలియనేన్ అనే బయోమార్కర్ వచ్చేది పూల మొక్కల నుంచి. పెర్మియన్‌లో పూల మొక్కలే లేవు. కాబట్టి చమురులో ఓలియనేన్ దండిగా ఉంటే కొమ్ముగూడెం ఒక్కటే మూలం అనడం కుదరదు. అయితే పైకి వచ్చే దారిలో చిన్న వయసు పొరల నుంచి అది అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే స్టెరేన్లు, హోపేన్లు అనే మిగతా బయోమార్కర్లు కూడా అదే మాట చెబుతున్నాయా అని చూడాలి.

కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే చాలా తేలిక చమురు) దగ్గర మాత్రం నా ఓటు మారుతుంది. బాగా ఉడికిన తేలిక చమురులో బయోమార్కర్లు దాదాపు మిగలవు. అందులో వేరే చమురు కాస్త కలిసినా ఆ కాస్తదాని కథే మొత్తానిదిగా కనిపిస్తుంది. ఐసోటోప్ కొలిచేది మొత్తం చమురును. గ్యాస్‌కైతే అదే ప్రధాన దిక్కు.

ఏపీఐ సాంద్రత (చమురు ఎంత తేలికో చెప్పే కొలత), సల్ఫర్, నికెల్-వనేడియం నిష్పత్తి తొలి అంచనాకు పనికొస్తాయి, అంతే. బాక్టీరియా తిన్న చమురులో సాంద్రత ఎలాగూ మారిపోతుంది.

బయోమార్కర్లు చేయిస్తే నిష్పత్తుల పట్టికతో సరిపెట్టుకోకండి. 191 (హోపేన్లు), 217 (స్టెరేన్లు) అయాన్ల క్రొమాటోగ్రామ్‌లు (ఒక్కో పదార్థం ఒక్కో శిఖరంగా కనిపించే గ్రాఫులు) ల్యాబ్‌ను అడిగి తీసుకోండి. ఒక శిఖరాన్ని ఇంకోటిగా గుర్తించారేమో వాటిలోనే తెలుస్తుంది.