స్ప్లెండర్ చక్రాలు ఇంట్లోనే విప్పి బిగించడం: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

స్ప్లెండర్ ఉన్నవాళ్లు చక్రం విప్పడానికి మెకానిక్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. డబుల్ స్టాండు, మంచి రింగ్ పానాలు, ఒక చెక్క దిమ్మ, కాస్త ఓపిక ఉంటే ఇంటి ముందే అయిపోతుంది. అయితే టైరును రిమ్ము నుంచి ఊడదీసే పని మాత్రం పంక్చర్ షాపుకే వదిలేయమంటాను. చక్రం మనం విప్పుకుని, చేత్తో పట్టుకెళ్లి, టైరు మార్పించుకుని వచ్చి మళ్లీ మనమే బిగించుకోవడం. ఇన్నేళ్లుగా నేను చేస్తున్నది ఇదే, ఇందులో నాకు ఏ లోటూ కనిపించలేదు.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కట్టల మీద, పొలాల బాటల మీద సర్కారు తుమ్మ విపరీతంగా పెరుగుతుంది. దాని ముల్లు ఎండాక టైరులో దిగిందంటే ట్యూబు దాకా పోతుంది. నా బండి పాత స్ప్లెండర్ ప్లస్. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే, స్పోకుల చక్రాలు, లోపల ట్యూబులు. మామూలు పంక్చర్‌కు చక్రం విప్పే అవసరం రాదు. షాపులో టైరును ఒక పక్క మాత్రమే రిమ్ము మీదకు లేపి, ట్యూబు బయటికి లాగి అతుకు వేస్తారు. చక్రం విప్పాల్సి వచ్చేది టైరు మార్చేటప్పుడు, బ్రేక్ షూలు అరిగినప్పుడు, బేరింగు మోత మొదలైనప్పుడు. ఈ మూడూ చెప్పి వచ్చేవే కాబట్టి తీరిక ఉన్న ఆదివారం చూసుకుని చేసుకోవచ్చు.

ముందుగా వెనక చక్రం గురించి చెప్తాను, ఎందుకంటే చాలామంది భయపడేది దానికే. చైన్ ఉంటుంది, చైన్ కవరు ఉంటుంది, అదంతా విప్పాలేమో అనుకుంటారు. స్ప్లెండర్‌లో ఆ బాధ లేదు. వెనక స్ప్రాకెట్, అంటే చైన్ ఎక్కే పళ్ల చక్రం, బండి చక్రానికి బిగించి ఉండదు. అది ఫ్లాంజి అనే వేరే గుండ్రటి పలక మీద ఉంటుంది, ఆ ఫ్లాంజిని ఒక స్లీవ్ నట్టు స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టే చట్రానికి) పట్టి ఉంచుతుంది. యాక్సిల్ (చక్రం మధ్యలోంచి దూరే ఇరుసు) లాగేసి చక్రాన్ని కుడి పక్కకు జరిపితే చక్రం ఒక్కటే విడిపోతుంది. స్ప్రాకెట్, చైన్, కవరు ఎక్కడివక్కడే ఉంటాయి. చేతికి చైన్ నూనె కూడా పెద్దగా అంటదు. పల్లెల్లో ఈ బండి ఇన్నేళ్లు నిలబడిందంటే మైలేజీ ఒక్కటే కారణం కాదు, ఇలాంటి ఆలోచనలు కూడా కారణమని నా గట్టి నమ్మకం.

పనిముట్లలో నాకు బాగా అక్కరకొచ్చింది టపారియా రింగ్ పానాల సెట్టు. 6x7 నుంచి 30x32 దాకా ఉంటాయి కాబట్టి బండిలో ఏ నట్టుకైనా సరిపోయేది ఒకటి దొరుకుతుంది. ఏళ్ల తరబడి వాడినా పళ్లు అరగలేదు. స్క్రూ పానాతో మాత్రం యాక్సిల్ నట్టు జోలికి పోవద్దు. అది కొంచెం వదులుగా పట్టినా నట్టు మూలలు గుండ్రమైపోతాయి, ఆ తర్వాత సరైన పానా కూడా పట్టదు. పానాలు కాక ఒక రబ్బరు సుత్తి, ఒక ప్లయరు, కొత్త స్ప్లిట్ పిన్నులు, ఏపీ3 గ్రీజు డబ్బా, పాత బనీను గుడ్డలు ఉంటే చాలు. నట్టు ఊడకుండా దూర్చి వంచే ఈ స్ప్లిట్ పిన్ను ఐదు రూపాయల వస్తువు, విప్పిన ప్రతిసారీ కొత్తదే వేయాలి. వంచి తిన్నగా చేసిన పిన్ను ఎప్పుడు విరుగుతుందో తెలియదు.

బండిని గచ్చు మీద డబుల్ స్టాండు వేయాలి. మట్టి నేల అయితే స్టాండు కింద పలక పెట్టాలి. ముందు బ్రేకు లివరును పాత సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు బిగించి కడితే బండి ముందుకు దొర్లి స్టాండు నుంచి దిగిపోదు. చిన్న పని, కానీ పిల్లలు తిరిగే ఇంట్లో ఇది తప్పనిసరి.

తర్వాత వరుస ఇది. బ్రేక్ రాడ్డు చివరి నట్టు తీసి, రాడ్డును లాగి, స్ప్రింగు, పిన్ను మళ్లీ ఆ రాడ్డుకే ఎక్కించి నట్టు పెట్టేయాలి, అప్పుడు ఏదీ పోదు. బ్రేక్ షూలు ఉండే మూత లాంటి బ్రేక్ ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు కలిపే పట్టీ ఒకటి ఉంటుంది, దాని పిన్ను తీసి నట్టు విప్పాలి. ఆఖరున యాక్సిల్ నట్టు. యాక్సిల్ రాకపోతే రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. ఇనుప సుత్తితో నేరుగా కొడితే మరలు చెడిపోతాయి. యాక్సిల్ వస్తుంటే కుడి పక్కన కాలరు అనే చిన్న గొట్టం ముక్క జారి పడుతుంది, దాన్ని పట్టుకుని ఏ మొహం ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. బ్రేక్ ప్లేటును డ్రమ్ములోంచి లాగేసి, చక్రాన్ని కుడికి జరిపి కిందకు దించాలి. ఇక్కడ మడ్‌గార్డు అడ్డొస్తుంది. ఇంకొకరు బండిని స్టాండు మీదే ఎడమకు కొంచెం వంచి పట్టుకుంటే చక్రం బయటికి జారుతుంది. ఒంటరిగా చేసే పని కాదిది. మా ఇంట్లో నాన్న పట్టుకుంటారు, ఆయన లేనప్పుడు నేను ఈ పని పెట్టుకోను.

చక్రం చేతిలోకి వచ్చాకే ఇంట్లో విప్పుకోవడం వల్ల వచ్చే అసలు లాభం తెలుస్తుంది. డబ్బు ఆదా అంటారు గానీ అది చిన్న మొత్తమే. షాపులో పని హడావుడిలో ఎవరూ చూడని చోట్లు మనం చూస్తాం. హబ్బులో వేలు పెట్టి బేరింగు లోపలి రింగును తిప్పాలి. నున్నగా తిరగాలి. గరగరమన్నా, వదులుగా ఊగినట్టు వేలికి తగిలినా ఆ బేరింగు పని అయిపోయినట్టే. బేరింగు మీద నంబరు ఉంటుంది, అదే నంబరుది రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నది అడిగి తెచ్చుకోవాలి. బేరింగును ఎక్కించడం మాత్రం ప్రెస్సు ఉన్న షాపులో చేయించడమే నయం. సుత్తితో లోపలి రింగు మీద కొడితే కొత్త బేరింగులోనూ గోలీలు దెబ్బతింటాయి.

తర్వాత డ్యాంపర్ రబ్బర్లు. ఇవి హబ్బులో ఉంటాయి, స్ప్రాకెట్ ఫ్లాంజి కొమ్ములు వీటి మధ్య కూర్చుంటాయి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, గేరు మార్చినప్పుడు వచ్చే కుదుపును ఇవే మింగుతాయి. ఇవి నలిగిపోతే బండి టక్కుమని గుంజుతుంది, చైన్ వదులైందేమో అనుకుని ఎన్నిసార్లు బిగించినా ఆ గుంజుడు పోదు. నేను రబ్బర్లు మార్చిన రోజు బండి నడక తేడా వీధి చివరికి వెళ్లేలోపే తెలిసింది. తక్కువ ఖర్చులో ఇంత తేడా తెచ్చే మరో పని ఈ బండిలో నేను చూడలేదు.

బ్రేక్ షూల దుమ్మును నోటితో గానీ, గాలి పైపుతో గానీ ఊదకండి. షూల మీద అతికి ఉండే లైనర్లు పాతవైతే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయాలి. లైనర్ మెరుస్తూ గాజులా కనిపిస్తే ఉప్పు కాగితంతో పైపైన రుద్దాలి. షూలను విప్పార్చే బ్రేక్ కామ్‌కు అగ్గిపుల్ల మొన మీద పట్టేంత గ్రీజు చాలు. ఎక్కువైతే వేడికి కరిగి లైనర్ మీదకు కారుతుంది, అప్పుడు బ్రేకు పట్టదు. షూలు ఎప్పుడూ జతగానే మార్చాలి. చక్రం చేతిలో ఉండగానే స్పోకులను ఒక్కొక్కటే పానాతో తట్టి చూడాలి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. ఒకటో రెండో వదులైతే స్పోకు చివరనున్న చిన్న నట్టును, అంటే నిపుల్‌ను, కాస్త తిప్పి సరిచేయవచ్చు. ఎక్కువగా ఉంటే రిమ్ము వంకర తీసేవాళ్లకు ఇవ్వాలి.

టైరు ఊడదీయడం ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. లివర్లు నా దగ్గర ఉన్నాయి, చేసి చూశాను, వచ్చింది కూడా. సబ్బు నీళ్లు రాసి, ట్యూబు మౌతుకు ఎదురుగా ఉన్న అంచును రిమ్ము మధ్య పల్లంలోకి తొక్కి, కొంచెం కొంచెంగా లివరు వేస్తే టైరు వస్తుంది. కానీ ఎక్కించేటప్పుడు ఆఖరి జానెడు దూరంలో లివరు కొస ట్యూబును కొరికే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మా సెంటర్లో పంక్చర్ షాపు అన్న అదే పని పది నిమిషాల్లో రిమ్ముకు గీత పడకుండా చేస్తాడు. విడి చక్రం తీసుకెళితే ఖర్చూ తక్కువే. ఆయన దగ్గర రెండే రెండు అడుగుతాను: రిమ్ము లోపలి పట్టీ చినిగిపోయి స్పోకు నిపుళ్లు బయటపడ్డాయేమో చూడమని, ట్యూబుకు పౌడరు చల్లమని. టైరు పక్కన తిరిగే దిక్కు చూపించే బాణం గుర్తు ఉంటే అది సరిగ్గా ఉందో లేదో నేనే చూసుకుంటాను.

ఇక బిగించడం. విప్పడం కన్నా ఇందులోనే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. యాక్సిల్‌ను తుడిచి, పలచగా గ్రీజు పట్టించి ఎక్కించాలి. నీళ్లలో తిరిగే బండికి ఇది చేయకపోతే తుప్పు పట్టి తర్వాతిసారి యాక్సిల్ రాదు. ఫ్లాంజి కొమ్ములు రబ్బర్ల మధ్య పూర్తిగా కూర్చోవాలి. కూర్చోకపోతే యాక్సిల్ తిన్నగా దూరదు, బలవంతం చేయకుండా చక్రాన్ని అటూ ఇటూ ఆడించాలి. కాలరు మర్చిపోకూడదు. బ్రేక్ ప్లేటు పట్టీ నట్టు, దాని స్ప్లిట్ పిన్ను, ఈ రెంటినీ నేను బిగించాక వెలుతురులో మళ్లీ చూస్తాను. ఆ పట్టీ ఊడితే బ్రేకు తొక్కగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, రాడ్డును మెలేసి, చక్రాన్ని బిగబట్టేస్తుంది. నడిచే బండిలో అది ప్రాణాల మీదకు వచ్చే విషయం.

చైన్ అడ్జస్టర్ల గీతలు రెండు పక్కలా ఒకే దగ్గర ఉండాలి. చైన్ వదులు మార్చాలంటే యాక్సిల్ నట్టుతో పాటు ఎడమ పక్క స్లీవ్ నట్టును కూడా సడలించాలి. అది సడలించకుండా అడ్జస్టర్ ఎంత తిప్పినా ఒక పక్కే జరిగి చక్రం వంకరగా నిలుస్తుంది. యాక్సిల్ నట్టు ఆఖరు బిగింపుకు ముందు బ్రేకు పెడల్‌ను నొక్కి పట్టి ఉంచితే షూలు డ్రమ్ములో మధ్యకు సర్దుకుంటాయి. ఆ తర్వాత పెడల్ ఆట (బ్రేకు పట్టేదాకా పెడల్ ఖాళీగా కదిలే దూరం) రెండు మూడు సెంటీమీటర్లు ఉండేలా రాడ్డు నట్టును తిప్పుకుని, బ్రేకు తొక్కినప్పుడు వెనక లైటు సరిగ్గా వెలుగుతోందో లేదో చూసుకోవాలి.

ముందు చక్రం తేలికే, కానీ ఒక్క చోట చాలా జాగ్రత్త కావాలి. డబుల్ స్టాండు వేసినప్పుడు స్ప్లెండర్ ముందు చక్రం నేల మీదే ఉంటుంది, కాబట్టి ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి లేపాలి. దిమ్మ బరువు ఆయిల్ డ్రెయిన్ బోల్టు మీద గానీ, సైలెన్సర్ గొట్టం మీద గానీ పడకూడదు. బ్రేకు కేబులు, స్పీడోమీటర్ కేబులు తీసి, నట్టు విప్పి, యాక్సిల్ లాగితే చక్రం దిగుతుంది. తిరిగి పెట్టేటప్పుడు స్పీడోమీటర్ గేరు పళ్లు హబ్బులోని గాళ్లలో పడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, బ్రేక్ ప్లేటు మీదున్న గాడిలో ఫోర్కు మీదున్న బుడిపె కూర్చోవాలి. ముందు బ్రేకు పట్టినప్పుడు ప్లేటు తిరగకుండా ఆపేది ఆ బుడిపె ఒక్కటే. నేను టార్చి వేసి చూసి, ప్లేటును చేత్తో తిప్పబోయి కదలదని తేలాకే నట్టు బిగిస్తాను.

టార్క్ రెంచి, అంటే పెట్టుకున్నంత బిగువు రాగానే టక్కుమనే పానా, అవసరమా అని చాలామంది అడుగుతారు. మూడు వేల దాకా పెట్టి కొన్నాను, కొన్నందుకు సంతోషంగానే ఉంది. చేతి అంచనా రోజుకో రకంగా ఉంటుంది, రెంచి టక్కుమన్న చోట అనుమానం తీరిపోతుంది. మాన్యువల్లో ఉన్న అంకె చూసి అంతే బిగించాలి. నట్టు విప్పడానికి దాన్ని వాడకూడదు, పని అయ్యాక అత్యల్ప అంకెకు తిప్పి పెట్టెలో పెట్టాలి. పానాకు పైపు తొడిగి ఊగి ఊగి బిగించే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. నట్టు మరలు సాగుతాయి, దారిలో విప్పాల్సి వస్తే ఎవరివల్లా కాదు.

గాలికి కాలి పంపు వాడతాను. రెండేళ్లకే దాని గొట్టం పగిలింది, మీటరు కూడా నాలుగైదు పీఎస్ఐ తేడా చూపేది. ఇప్పుడు గాలి కొట్టేది పంపే అయినా కొలిచేది విడి గేజితో. కారు ఛార్జరు సాకెట్టుకు పెట్టే ఎలక్ట్రిక్ పంపును స్ప్లెండర్ బ్యాటరీకి కలపవద్దు. అది పది ఆంపియర్ల దాకా లాగుతుంది, ఇంత చిన్న బ్యాటరీ దానికి చాలదు. ఛార్జింగ్ పెట్టుకునే రకం అయితే ఇబ్బంది లేదు.

బిగించాక మొదట వీధిలోనే నెమ్మదిగా నడిపి రెండు బ్రేకులూ విడివిడిగా చూడాలి. టైరు కొత్తదైతే మొదటి వంద కిలోమీటర్లు మలుపుల్లో బండిని వంచకూడదు, పైపొర నున్నగా ఉండి జారుతుంది. మర్నాడు పొద్దున నట్లకు మరోసారి పానా వేసి చూడాలి.

డిస్క్ బ్రేకు బండి ఉన్నవాళ్లకు పైన చెప్పినదంతా వర్తించదు. చక్రం తీశాక లివరు నొక్కితే ప్యాడ్లు దగ్గరకు వచ్చేసి డిస్కు మళ్లీ దూరదు, అందుకని మధ్యలో మందపాటి అట్టముక్క పెట్టి ఉంచాలి. డిస్కు మీద గ్రీజు చెయ్యి పడకూడదు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే హబ్బు దగ్గరున్న సెన్సరును, దాని వైరును లాగకుండా చూసుకోవాలి. చాలా బళ్లలో స్ప్రాకెట్ చక్రంతో పాటే వస్తుంది, కాబట్టి చైన్‌ను ముందుగా స్ప్రాకెట్ మీద నుంచి దించాలి. డబుల్ స్టాండు లేని బండికి చక్రాన్ని నేల నుంచి లేపి నిలిపే ప్యాడాక్ స్టాండు కొనకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.